ఫ్రిజ్‌లో పెట్టి తాగాల్సిన రెడ్ వైన్: సిక్కోలు వంటలకి బోజొలే ఎలా కుదుర్చుకోవాలి

"రెడ్ వైన్ ఫ్రిజ్‌లో పెట్టకూడదంట కదరా" అన్నాడు మా బావ, అంటూనే బీరువా మీంచి బాటిల్ దించాడు. దీపావళికి ఎవరో గిఫ్ట్ ఇచ్చిన బాటిల్ అది, దించింది మే నెల రెండో వారంలో. పట్టుకుంటే చెయ్యి వెచ్చగా అయింది. కార్క్ అప్పటికే ఒక గింజ మందం పైకి లేచి ఉంది, చుట్టూ జిగురు కారి ఎండిపోయింది. ఓపెన్ చేస్తే పళ్ళ వాసన ఏటీ లేదు, పాయసం గిన్నె అడుగంటినప్పుడు మాడిన కిస్మిస్ వాసన వస్తాది చూడండి, అచ్చం అదే. బావ ఒక గుక్క తాగి "వైన్ అంటే ఇంతేనేటి" అని పక్కన పెట్టీసి మళ్ళీ దాని జోలికి రాలేదు.

నేను తొమ్మిదేళ్ళు క్రూయిజ్ షిప్పుల్లో రెస్టారెంట్ పని చేసి వచ్చాను, మా ఉద్దానం వైపు ఇంటికొకడు ఓడల మీద ఉంటాడు కాబట్టి ఇందులో గొప్పేం లేదు. కాకపోతే టేబుళ్ళ దగ్గర నిలబడి ఏ ప్లేటుకి ఏ గ్లాసు ఇస్తే జనం రెండోసారి అడుగుతున్నారో చూస్తూ చూస్తూ ఒక విషయం బాగా తలకెక్కింది. మన కారం, మన ఆవ, మన ఉక్క, ఈ మూడింటినీ తట్టుకునే రెడ్ వైన్ ఒక రకం ఉంది, ఫ్రెష్‌గా తేలిగ్గా ఉండి చల్లగా తాగేది. అందులో అందరికన్నా పేరున్నది ఫ్రాన్స్‌లో బోజొలే. దాన్ని ఎలా కొనాలి, ఎలా చల్లబెట్టాలి, మన కూరల్లో దేనితో కుదురుతాది, దేనితో అస్సలు కుదరదు, ఇవన్నీ ఒక్కొక్కటిగా రాస్తాను. ఇరవై ఒకటి నిండనివాళ్ళు ఇక్కడితో ఆపీసి పనసపొట్టు పేరా మాత్రం చదువుకోండి, అది అందరికీ పనికొస్తాది.

ముందు వగరు అంటే ఏటో తెలుసుకోండి

వైన్ మాటల్లో టానిన్ అని ఒకటి వస్తాది, కొత్తవాళ్ళంతా దాని దగ్గరే ఆగిపోతారు. మనకి మాత్రం అది చాలా ఈజీ. జీడిమామిడి పండు కొరికాక నాలుక మొద్దుబారిపోయి పెదాలు లోపలికి పీక్కున్నట్టు ఉంటాది కదా, అదే టానిన్, మన భాషలో వగరు. నేరేడు పండు తిన్నా అంతే. ద్రాక్ష తొక్కలో, గింజలో, కాడలో ఆ వగరు ఉంటాది, తొక్కల్ని రసంలో ఎక్కువ రోజులు నానబెడితే వగరు ఎక్కువ దిగుతాది, ఓక్ చెక్క పీపాల్లో పెడితే ఇంకొంచెం తగులుతాది. కాబెర్నే లాంటి బరువైన రెడ్ వైన్లు అలా తయారవుతాయి, వాటిని కొవ్వున్న మాంసంతో, కారం లేకుండా తినే వాళ్ళకి బాగుంటాది. మన కోడి వేపుడు మీద అదే వైన్ తాగితే వగరూ కారమూ ఒకదాన్ని ఒకటి రెచ్చగొట్టుకుంటాయి, పైగా ఆల్కహాల్ 14 శాతం దాటితే నోట్లో మంట రెట్టింపు అవుతాది. నీళ్ళు తాగినా తగ్గదు.

బోజొలేలో ద్రాక్ష పేరు గమే. తొక్క పల్చన, వగరు తక్కువ, పులుపు బాగుంటాది, ఆల్కహాల్ మామూలుగా 12 నుంచి 13 శాతం మధ్యలో. లోపల రసం తెల్లగానే ఉంటాది, ఎరుపంతా తొక్కదే. చెర్రీ, స్ట్రాబెర్రీ లాంటి ఎర్ర పళ్ళ వాసన. అందుకే చల్లబెట్టినా చేదు తేలదు. వగరెక్కువ ఉన్న వైన్ చల్లబెడితే వగరు ఇంకా గట్టిగా తెలుస్తాది, "రెడ్ వైన్ చల్లగా తాగకూడదు" అనే మాట వాటి గురించి పుట్టింది. అదీ చలిదేశాల్లో రూమ్ టెంపరేచర్ అంటే పదహారో పద్దెనిమిదో డిగ్రీలు ఉండే రోజుల్లో పుట్టింది. మన రూమ్ టెంపరేచర్ ఎంతో కరెంటు పోయినప్పుడు మీకే తెలుస్తాది.

ఎక్కడ పండుతాది, ఎందుకు అక్కడే

ఫ్రాన్స్‌లో లియోన్ అని పెద్ద ఊరు, దానికి ఉత్తరంగా, బుర్గుండీ ప్రాంతానికి దక్షిణంగా ఉన్న కొండల వరస బోజొలే. తూర్పున సోన్ నది. ఈ ప్రాంతానికి ఆ పేరు బోజే అనే చిన్న పట్నం నుంచి వచ్చింది.

గమే మొదట ఇక్కడి మొక్క కాదు, బుర్గుండీ వైపు ఉండేది. త్వరగా కాస్తాది, విపరీతంగా కాస్తాది, రైతులకి ఇష్టం. 1395లో అక్కడి డ్యూక్ ఫిలిప్ ద బోల్డ్ దీన్ని నమ్మకద్రోహి మొక్క అని తిట్టి పీకీమని ఆర్డర్ వేశాడు, నాణ్యత పడిపోయి బుర్గుండీ పేరు పోతాదని. అక్కడ పినో నువార్ అనే ద్రాక్ష నిలబడింది, గమే దక్షిణంగా బోజొలే కొండల్లో కుదురుకుంది. తిట్టించుకున్న మొక్కకి సరైన నేల దొరికిందన్నమాట, ఎందుకంటే గ్రానైట్ నేలలో గమే కాపు అదుపులో ఉంటాది, రుచి చిక్కబడతాది.

గ్రానైట్ అంటే మనకి చెప్పక్కర్లేదు, టెక్కలి వైపు వెళ్తే రోడ్డు మీద నీలి గ్రానైట్ బండలేసుకుని లారీలు వస్తుంటాయి. బోజొలే ఉత్తర భాగంలో గులాబీ రంగు గ్రానైట్, అది వానకి ఎండకి పొడిపొడిగా రాలి ఇసకలాగా అయిపోయిన నేల. దక్షిణ భాగం వేరు, అక్కడ సున్నపురాయి, బంకమట్టి. ఊళ్ళల్లో ఇళ్ళు పసుపచ్చ రాయితో కడతారు, బంగారు రాళ్ళ నాడు అని పేరు. తేలిక వైన్ ఎక్కువ ఈ దక్షిణం నుంచి, కాస్త బరువున్నది ఉత్తరం నుంచి.

లేబుల్ మీద మూడు మెట్లు ఉంటాయి. ఊరికే బోజొలే అని ఉంటే మొదటి మెట్టు. బోజొలే-విలాజ్ అంటే ఉత్తరం వైపు కొన్ని ఊళ్ళ ద్రాక్ష, రెండో మెట్టు. ఆ పైన మూడో మెట్టు, పది క్రూలు, అంటే సొంత పేరుతో వైన్ అమ్ముకునే పేరున్న చోట్లు, వీటి లేబుల్ మీద చాలాసార్లు బోజొలే అనే మాటే పెద్దగా కనపడదు, ఆ చోటు పేరే ఉంటాది, తెలీనివాళ్ళు షాపులో పక్కన పెట్టీస్తారు. సాంతామూర్, జూలియెనా, షెనా, మూలాన్-ఆ-వాన్, ఫ్లూరీ, షిరూబ్ల్, మోర్గోన్, రేనియే, బ్రూయీ, కోట్-ద-బ్రూయీ. రేనియే అన్నిటికన్నా లేటుగా 1988లో చేరింది.

పదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, మూడు చాలు. ఫ్లూరీ మెత్తగా పూల వాసనతో ఉంటాది, మొదటిసారి తాగేవాళ్ళకి అదే ఇవ్వండి. మోర్గోన్ కాస్త గట్టిది, అక్కడ కోట్ దు పీ అని ఒక కొండ ఉంది, రాయి పుచ్చిపోయినట్టు పొరలు పొరలుగా రాలుతాది, స్థానికులు దాన్ని కుళ్ళిన రాయి అనే అంటారు. మూడోది మూలాన్-ఆ-వాన్, అంటే గాలిమర, నిజంగానే తోటల మధ్య పాత గాలిమర ఉంది. ఆ నేలలో మాంగనీస్ ఉంటాది, అందువల్లే మొక్క తక్కువ కాసి వైన్ చిక్కగా వస్తాదని అక్కడివాళ్ళ మాట. నాకు ఈ ముక్క మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది, మన గరివిడి, చీపురుపల్లి వైపు జనం మాంగనీస్ పేరు చెప్తే లారీలూ ఫ్యాక్టరీ పొగా గుర్తుచేసుకుంటారు, దేశంలో మాంగనీస్ తవ్వకం మొదలైంది కూడా 1892లో మన విజయనగరం వైపే. అక్కడ అదే మాంగనీస్ పేరు చెప్పి వైన్‌కి రేటు ఎక్కువ తీసుకుంటారు.

తయారీలో ఒక్క కిటుకు

ఇది తెలిస్తే ఈ వైన్‌లో పళ్ళ వాసన అంత ఎందుకు వస్తాదో అర్థమైపోద్ది. మామూలుగా రెడ్ వైన్‌కి ద్రాక్షని నలిపి పులియబెడతారు. బోజొలేలో నలపరు. చేత్తో కోసిన గుత్తుల్ని గుత్తులుగానే, కాడలతో సహా, పెద్ద తొట్టెలో నింపి మూసేస్తారు. పై బరువుకి అడుగున ఉన్న పళ్ళు చితికి రసం వస్తాది, ఆ రసం పులిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతాది, ఆ గ్యాస్ తొట్టెంతా నిండిపోయి గాలిని బయటకి తోసేస్తాది. పైన ఉన్న పళ్ళకి ఇంక గాలి ఆడదు, చితకని పండు లోపలే, తొక్క చాటునే పులియడం మొదలవుతాది. మామిడికాయలు గడ్డిలో మాగేస్తే గది తలుపు తీసేసరికి గుప్పున వాసన వస్తాది కదా, ఆ లెక్కలో ఊహించుకోండి, కాకపోతే ఇక్కడ మాగడంతో పాటు కొంచెం ఆల్కహాల్ కూడా లోపలే పుడతాది. తర్వాత పిండి మిగతాది మామూలుగా పులియబెడతారు. తొక్క ఎక్కువ రోజులు నానదు కాబట్టి వగరు దిగదు, వాసన మాత్రం నిండుగా ఉంటాది. అరటిపండు, బబుల్‌గమ్ వాసన వచ్చిందంటే ఈ పద్ధతి వల్లే.

ఇందులో మరీ కుర్రది బోజొలే నువో. ఆగస్టు చివర్నో సెప్టెంబరులోనో కోసిన పంట తొట్టెలో నాలుగైదు రోజులే ఉండి, రెండు నెలలు తిరిగేసరికి బాటిల్లోకి వచ్చీస్తాది, నవంబరు మూడో గురువారం నాడు లోకమంతా ఒకేసారి అమ్మకానికి పెడతారు, 1985 నుంచి ఇదే రూలు. పొద్దున్నే చెట్టు మీంచి దింపిన కల్లు లాంటిది అనుకోండి. పొద్దున్న కల్లుకీ మధ్యాహ్నం కల్లుకీ తేడా తెలిసినవాడికి నువో గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, దాచుకుంటే చెడుతాది, ఆ చలికాలంలోనే తాగీయాలి. పది క్రూల నుంచి మాత్రం నువో చెయ్యకూడదు.

మన తంటా ఏటంటే నవంబరు మూడో గురువారం చాలా ఏళ్ళు కార్తీకమాసంలోనే పడుతుంది. ఇంట్లో ఉల్లిపాయే తిననివ్వరు, వైన్ మాట ఎత్తితే అంతే. నేనైతే పోలి స్వర్గం అయ్యేదాకా ఆగుతాను, కొంతమంది ఏకంగా సంక్రాంతికి ఉంచుతారు, అప్పటికి కూడా నువో బాగానే ఉంటాది. కనుమ నాడు మినుము తినాలంటారు కాబట్టి గారెలు ఎలాగూ ఉంటాయి, పక్కన నాటుకోడి ఉంటాది, దాని సంగతి కింద చెప్తాను.

ఎక్కడ కొనాలి, ఏం చూసి కొనాలి

నిజం చెప్పాలంటే మన దగ్గర వైన్ షాపు అనే బోర్డు ఉన్న చోట వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. 2019 నుంచి ప్రభుత్వమే నడిపినప్పుడూ అంతే, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటుకి వచ్చాకా అంతే, బ్రాందీ బీర్ల మధ్య మూలన రెండు వైన్ బాటిళ్ళు దుమ్ము పట్టి ఉంటాయి. శ్రీకాకుళంలో బోజొలే అడిగితే కౌంటర్ మీద కుర్రోడు నన్ను ఎగాదిగా చూసి "అది ఏ కంపెనీ విస్కీ అన్నా" అన్నాడు. కాబట్టి వైజాగ్‌లో పెద్ద షాపు చూసుకోవడమో, బెంగుళూరు, ముంబై, గోవా వెళ్ళినప్పుడు దొరికితే అక్కడే తాగి రావడమో. దిగుమతి వైన్ మీద చాలా ఏళ్ళు కస్టమ్స్ సుంకమే 150 శాతం ఉండేది, ఫ్రాన్స్‌లో చవగ్గా దొరికే బాటిల్ ఇక్కడ అంత రేటు ఉండడానికి కారణం అది. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా కదా, అక్కణ్ణించి తెచ్చుకుందాం అనుకునేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి, పక్క రాష్ట్రం బాటిల్ బోర్డర్ దాటించడం మీద రూల్స్ ఉంటాయి, కనుక్కోకుండా బ్యాగులో వేసుకోవద్దు.

బోజొలే దొరక్కపోతే మన దేశంలో చేసిన వాటిల్లోనే దీనికి దగ్గరగా ఉన్నది చూసుకోవచ్చు. నాసిక్, బెంగుళూరు దగ్గర నంది హిల్స్ వైపు తోటలు ఉన్నాయి, అక్కడ వానాకాలం తర్వాత కొమ్మలు కత్తిరించి జనవరి నుంచి మార్చి లోపల కోస్తారు. షాపులో బాటిల్ తిప్పి వెనక లేబుల్ చదవండి. ఆల్కహాల్ 13 శాతం లోపు ఉందా, తయారైన సంవత్సరం దగ్గరదేనా, ఓక్ పీపాలో పెట్టలేదా, ఈ మూడూ ఉంటే తీసుకోండి. రిజర్వ్ అని గోల్డ్ అక్షరాల్లో ఉన్నది బరువుగా ఉంటాది, మన పనికి రాదు. ఇంకోటి, గోవా పోర్ట్ వైన్ అని అమ్మేది తియ్యగా ఉంటాది, దగ్గు సిరప్ గుర్తొస్తాది, అది తాగి రెడ్ వైన్ నాకు పడదు అనుకున్నవాళ్ళు మా చుట్టాల్లోనే నలుగురున్నారు.

షాపులో కూడా చూడండి, కిటికీ ఎండ పడే అరలో నిలబెట్టిన బాటిల్ ముట్టుకోవద్దు. కార్క్ పైకి తోసుకొచ్చినట్టున్నా, మూత చుట్టూ కారినట్టున్నా వదిలీండి. మా బావ బాటిల్ గుర్తుందిగా.

చల్లబెట్టడం, ఇదే అసలు పని

కావాల్సింది 12 నుంచి 14 డిగ్రీలు. థర్మామీటర్ ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి ఇలా చెయ్యండి. ఫ్రిజ్‌లో పొద్దున్నే పెట్టీసి ఉంటే అది నాలుగైదు డిగ్రీలకి దిగిపోద్ది, మరీ చల్లగా ఉంటే వాసన మూసుకుపోతాది. తాగడానికి ఇరవై నిమిషాల ముందు బయట పెట్టండి, మే నెల అయితే పది నిమిషాలు చాలు. బాటిల్ మీద చెమట పట్టి, ఆ చెమట బొట్లు బొట్లుగా కిందకి జారడం మొదలైనప్పుడు మూత తియ్యండి, మా ఇంట్లో అదే థర్మామీటర్.

చుట్టాలు గుమ్మంలోకి వచ్చాక గుర్తొచ్చిందా, స్టీలు బకెట్ తియ్యండి. సగం ఐసు, సగం నీళ్ళు, గుప్పెడు కల్లుప్పు, బాటిల్ మెడదాకా మునగాలి. ఒట్టి ఐసు ముక్కల్లో గుచ్చితే లాభం లేదు, ముక్కల మధ్య గాలి ఉంటాది, నీళ్ళు ఉంటేనే చల్లదనం గాజుకి అంటుకుంటాది. పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. చేపల మార్కెట్ ఐసు వాడితే బాటిల్ బయట కడిగి తుడవండి, నేను ఒకసారి బద్ధకించాను, గ్లాసు దగ్గర పెట్టుకున్నవాళ్ళందరికీ కవళ్ళ వాసన.

డీప్ ఫ్రీజర్లో పెట్టి మర్చిపోవద్దు, వైన్ గడ్డకట్టి కార్క్ తోసేస్తాది. గ్లాసులో ఐసు ముక్క వెయ్యడం గురించి పెద్దగా గొడవ పెట్టుకోను, కరెంటు పోయి అందరూ ఉడికిపోతున్నప్పుడు ఒక ముక్క వేసుకుంటే కొంప మునగదు, కాకపోతే గబగబా తాగీయాలి, లేదంటే నీళ్ళవుతాది.

మూత తియ్యడం, పొయ్యడం

చాలా బాటిళ్ళకి ఇప్పుడు తిప్పే మూతే వస్తుంది, హాయి. కార్క్ ఉంటే స్క్రూ ఓపెనర్ కావాలి, వంటింట్లో కత్తితో పొడవొద్దు, చెయ్యి తెగిందంటే పండగ పూట ఆసుపత్రి. ఓపెనర్ లేకపోతే గరిటె కాడ గుండ్రంగా ఉన్నది చూసి కార్క్‌ని మెల్లిగా లోపలికే తోసేయండి, తోసేటప్పుడు బాటిల్ చుట్టూ తువ్వాలు చుట్టండి, చిమ్ముతాది. కార్క్ లోపల తేలుతూ ఉన్నా వైన్‌కి ఏం కాదు.

కాడ ఉన్న పెద్ద గ్లాసులు లేవని బాధపడొద్దు. లియోన్‌లో బూషోన్ అనే చిన్న చిన్న పాత హోటళ్ళు ఉంటాయి, అక్కడ ఈ వైన్ అడుగు మందంగా ఉన్న 46 సెంటీలీటర్ల సీసాలో పెట్టి, మామూలు చిన్న గ్లాసుల్లో పోస్తారు. ఆ ఊళ్ళో మూడు నదులు, రోన్, సోన్, బోజొలే అని ఒక జోకు కూడా ఉంది. మన గాజు గ్లాసులు సరిపోతాయి, స్టీలు గ్లాసు మాత్రం వద్దు, రంగు కనపడదు, వాసనా తెలీదు. సగానికి మించి పొయ్యకండి. 750 మిల్లీ బాటిల్ ఐదుగురికి వస్తాది. తాగినోడు హైవే ఎక్కకూడదు, అది ఎంత తేలిక వైన్ అయినా.

ఇప్పుడు అసలు సంగతి, కూరలు

నేను మొదట్నుంచీ దేనితో పెడదామా అని తిరిగి తిరిగి చివరికి ఆగింది పనసపొట్టు ఆవపెట్టిన కూర దగ్గర. నమ్మబుద్ధి కాకపోతే చేసి చూడండి. లేత పనసకాయ పొట్టు కొట్టించుకుని పసుపేసి ఉడికించి, నీళ్ళు గట్టిగా పిండీసి, పోపులో శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, జీడిపప్పు వేగాక పొట్టు వేసి, చింతపండు గుజ్జు మామూలుగా వేసేదాంట్లో సగమే వేసి, మగ్గాక పొయ్యి ఆపీయండి. ఇప్పుడు ఆవాలు, ఒక ఎండుమిర్చి, ఉప్పు కొంచెం నీళ్ళతో నూరిన ముద్ద కలపండి. పొయ్యి మీద ఉండగా ఆవ కలిపితే చేదెక్కి ఘాటు పోతాది, మా అమ్మమ్మ ఈ ఒక్క మాట మీద కోడళ్ళందరితోనూ తగువాడేది. పది నిమిషాలు మూత పెట్టి ఉంచితే ఘాటు ఊరుతాది.

ముద్ద నోట్లో పెట్టగానే ఆవ ముక్కులోకి ఎక్కుతాది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి, కానీ రెండు క్షణాల్లో దిగిపోద్ది. మిరపకారం అలా కాదు, నాలుక మీద కూర్చుంటాది. ఆవ ఘాటు ఆవిరైపోయే రకం, అది దిగిపోయిన ఆ ఖాళీలో చల్లటి గుక్క పడితే చెర్రీ వాసన ఎంత బాగా తెలుస్తాదంటే, వట్టిగా తాగినప్పుడు కూడా అంత తెలీదు. పొట్టులో పీచు, నమిలినప్పుడు మాంసం లాగా ఉండడం, మధ్యలో జీడిపప్పు నూనె, వీటికి వైన్ పులుపు సరిపోతాది. ఆలోచిస్తే వింత కూడా కాదు, బోజొలేకి పైన ఉన్న బుర్గుండీలో డీజోన్ అనే ఊరు ఆవముద్దకే ప్రసిద్ధి, అక్కడ కుందేలు మాంసం ఆవముద్దతో వండుకుని ఈ రకం వైన్లు తాగుతారు. ఆవ పెట్టుకునే వాళ్ళకి ఆ సంగతి అర్థమవుతాది. అరటికాయ ఆవపెట్టిన కూర కూడా పనికొస్తాది, కంద బచ్చలి కూడా, ఆవ ఉంటే చాలు.

నాటుకోడి సంగతి. మసాలా మామూలుగానే వేసుకోండి, కారం మాత్రం మూడో వంతు తగ్గించి దానికి బదులు మిరియాలు వెయ్యండి, కూర దగ్గరగా వేపుడులాగా రావాలి. పులుసు పల్చగా పెడితే వైన్ నీళ్ళలాగా అనిపిస్తాది. మినప గారె ఈ కూరలో ముంచి ఒక ముక్క, మీద ఒక గుక్క, గారె నూనె కట్ అయిపోద్ది. దీనికి మోర్గోన్ లాంటిది ఉంటే మంచిది, నువో అయినా నడుస్తాది. పలాస జీడిపప్పు వేసిన కోడికూర అయితే ఇంకా మెత్తగా ఉంటాది, ఫ్లూరీ తియ్యండి.

బోటీ తినేవాళ్ళు అదృష్టవంతులు. లియోన్ బూషోన్లలో పేగులు, పొట్ట వంటలే స్పెషల్, ఒక వంట పొట్టని మారినేట్ చేసి రొట్టెపొడి అద్ది వేపి పెడతారు, పక్కన బోజొలే పెట్టకపోతే గొడవే. మనం బోటీ బాగా ఉడికించి మిరియాలతో వేపితే అచ్చు ఆ జోడీయే. పెళ్ళిళ్ళలో మటన్ బిర్యానీ పక్కన కూడా చెడ్డేం కాదు, అయితే గోంగూర మటన్ వద్దు, గోంగూర పులుపు ముందు వైన్ చప్పబడిపోతాది.

పులుపు రూలు అదే. తినేది వైన్ కన్నా పుల్లగా ఉంటే వైన్ చప్పగా పల్చగా తగులుతాది. చేపల పులుసు, చింతచిగురు, దప్పళం, ఉలవచారు, ఇవన్నీ అందుకే పక్కన పెట్టండి. ఆవకాయ సంగతి చెప్పక్కర్లేదు. తీపి కూడా అంతే, బూరెలతో తాగితే వైన్ నిమ్మరసం లాగా అనిపిస్తాది.

ఇక చేపలు. మన తీరం వాళ్ళకి ఇది బాధే, అయినా చెప్పాలి. కళింగపట్నం నుంచి తాజా నెత్తళ్ళు వచ్చాయని ఒకసారి కరకరలాడించి వేపాను, పక్కన మంచి విలాజ్ బాటిల్, నలుగురం కూర్చున్నాం. మొదటి గుక్కకే నలుగురూ ఒకే మొహం పెట్టారు, నోట్లో తుప్పుపట్టిన మేకు పెట్టుకున్నట్టు. కారణం ఉంది, రెడ్ వైన్‌లో కాస్త ఇనుము కరిగి ఉంటాది, చేపనూనెతో అది కలిస్తే ఆ నీచు, లోహం రుచి తేలుతాది. నూనె ఎక్కువున్న నెత్తళ్ళు, కవళ్ళు, ఎండుచేప ఇవేవీ వద్దు. కోనాం ముక్క, చందువా లాంటివి మందంగా కోసి పెనం మీద మిరియం, వెల్లుల్లితో వేపితే పర్లేదు, రొయ్యల వేపుడులో జీడిపప్పు వేస్తే ఇంకా పర్లేదు. నేనైతే చేపలున్న రోజు తెల్ల వైన్ తాగుతాను, లేదంటే మజ్జిగ.

ఊరికే కూర్చుని తాగడానికి పలాస జీడిపప్పు నేతిలో వేపి ఉప్పు మిరియాలు చల్లుకోండి, ఉప్పు పడితే ఉన్న కాస్త వగరు కూడా మెత్తబడతాది. వానాకాలం పుట్టగొడుగులు దొరికితే ఉల్లికాడలతో వేపుడు చేసుకోండి, మట్టివాసనకీ గమేకీ బాగా కుదురుతాది. ఉల్లిపాయ పకోడీ కుదురుతాది, మిరపకాయ బజ్జీ కుదరదు, పప్పన్నానికి వైన్ ఎందుకు.

మిగిలితే

నువో అయితే ఆ శీతాకాలం, ఊరికే బోజొలే, విలాజ్ అయితే రెండు మూడేళ్ళు, మోర్గోన్, మూలాన్-ఆ-వాన్ అయితే మంచి బాటిల్ ఐదేళ్ళు పైన కూడా ఉంటాది, కానీ అదంతా చల్లటి చోట పడుకోబెట్టి ఉంచితే. మన ఇంట్లో అంత చల్లటి చోటు ఫ్రిజ్ ఒక్కటే, కూరగాయల అర దగ్గర అడ్డంగా పెట్టండి, లేదంటే కొన్న నెలలోనే తాగీయండి, బీరువా మీద మాత్రం వద్దు.

ఓపెన్ చేసి సగం మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు రోజులు బాగుంటాది, మూడో రోజుకి కొంచెం పులుస్తాది. మూడో రోజుది పారబొయ్యకుండా మటన్ వేపేటప్పుడు ఉల్లిపాయలు ఎర్రగా అయ్యాక అర గ్లాసు పోసి ఇగరనివ్వండి, ఆల్కహాల్ చాలావరకు ఎగిరిపోయి పులుపు, రంగు మిగులుతాయి, టమాట వెయ్యక్కర్లేదు. మా పిన్ని ఆ కూర తిని "టమాట ఏ ఊరిది" అని అడిగింది, చెప్పలేదు. ఖాళీ బాటిల్ మాత్రం కడిగి ఎండబెట్టుకుని నువ్వులనూనె పోసుకోడానికి పట్టుకెళ్ళింది, మూత గట్టిదని.